మాంటిస్సోరి తరగతిలో టీచరు, సహాయకురాలు పని పంచుకునే పద్ధతి

మాంటిస్సోరి పద్ధతిలో పిల్లలు పరికరాలతో తామే చేసి నేర్చుకుంటారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కలిసి ఉండే తరగతిలో కొత్త పరికరం చూపించడం టీచరు పని. గదిని చూసుకోవడం సహాయకురాలి పని. టీచరు ఒకరికి చూపిస్తుండగా మధ్యలో వచ్చేవాళ్లను ఆమె ఆపాలి, తుడిచే గుడ్డలు చేతికందే ఎత్తులో ఉంచాలి. నీళ్లు ఒలికితే మాత్రం తుడవాల్సింది ఒలికించిన పిల్లే.

పింక్ టవర్‌నే తీసుకోండి. ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ రంగు పది ఘనాలు, అంచు 1 సెం.మీ. నుంచి 10 సెం.మీ. దాకా. ముందు చాప పరిపించండి. ఘనాలను ఒక్కొక్కటిగా తెచ్చి కలగాపులగంగా పెట్టండి. పక్కన కూర్చోండి, ఎదురుగా కూర్చుంటే చేతి కదలిక తిరగబడి కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్దది ఎంచి పెట్టండి, తర్వాత మిగిలినవాటిలో పెద్దది. చేతులు కదులుతున్నంతసేపూ నోరు మెదపకండి, మాట్లాడితే చూపు మీ ముఖం మీదికి వచ్చేస్తుంది. అంతా కూల్చి పిల్లకు వదిలేయండి. వరస తప్పితే సరిదిద్దకండి, చిన్నదాని మీద పెద్దది ఎక్కితే కంటికే తెలుస్తుంది.

పెద్దది, చిన్నది అనే పేర్లు మరో రోజు, మూడు అంచెల్లో: "ఇది పెద్దది", "పెద్దది ఏది?", "ఇది ఏమిటి?" రెండో అంచెకే ఎక్కువ సమయం ఇవ్వాలి. తడబడితే చిరాకు పడకుండా మొదటికి వెళ్లండి.

ఎక్కువగా చెడేది మెచ్చుకోలు దగ్గరే. పనిలో మునిగిన పిల్లను "వెరీ గుడ్" అంటే ఏకాగ్రత పోతుంది. మూడు గంటల పని సమయాన్ని బెల్లుతో ముక్కలు చేసినా అంతే.

సాయంత్రం ఘనాలు లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ఆ పరికరాన్ని అరలోంచి తీసేయాలి.