పొద్దటి తాటికల్లు: వాడికకు ఎలా పోవాలి, పాడవకుండా ఇంటికి ఎలా తేవాలి?

ఎండలు మొదలైతే ఆదివారం పొద్దున హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు పట్టి చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ వైపు కల్లు కోసం వచ్చేవాళ్ళు పెరుగుతారు. మంచి కల్లే దొరుకుతుంది. కానీ దాన్ని నీళ్ళ సీసాల్లో గొంతు దాకా నింపి, మూతలు బిగించి, డిక్కీలో పెట్టుకుని పోతారు. ఇంటికి చేరేసరికి సగం డిక్కీలోనే ఒలికి ఉంటుంది, మిగతా సగం నాలుక మీద పెట్టలేనంత పుల్లగా మారి ఉంటుంది. తర్వాత కల్లు బాగాలేదని గీసిన గౌడన్నను అంటారు. తప్పు చెట్టుది కాదు, గీసినవాడిదీ కాదు. చెట్టు దిగిన కల్లు పులవడం ఆపదు, కారులోనూ పులుస్తూనే ఉంటుంది. అది తెలిస్తే మిగతా పనంతా తేలిక.

వాడిక కుదుర్చుకోవడం

రోడ్డు పక్కన ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే కల్లు కోసం ఇంత దూరం రావద్దు. గీసే మనిషితో వాడిక పెట్టుకోండి. అంటే ఫలానా రోజు, ఫలానా చెట్ల కల్లు, ఇన్ని లీటర్లు మీకని ముందే మాట అనుకోవడం.   వాడికదార్లకు పోసినంక మిగిలిందే మండువకు, అంటే చెట్ల దగ్గర కల్లు పోసే చోటికి, వచ్చిన మిగతావాళ్ళకు.

లైసెన్సు ఉన్న గీత కార్మికుడి దగ్గరే కుదుర్చుకోవాలి. ఊరి కల్లుగీత సహకార సంఘం కింద గీసేవాళ్ళు ఉంటారు, చెట్ల లెక్కన ఇచ్చే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) లైసెన్సు మీద సొంతంగా గీసేవాళ్ళూ ఉంటారు. ఇద్దరిలో ఎవరైనా సరే. శనివారం రాత్రిలోపు ఫోన్ చేసి లీటర్లు చెప్పండి. పొద్దున ఫోన్ చేయొద్దు, అప్పుడాయన చెట్టు మీద ఉంటాడు. మోకు తాడు మీద బరువు వేసి, రెండు చేతులతో కత్తి పట్టి గొల (కల్లు కారే పూతగెల) గీసే మనిషి జేబులో ఫోన్ మోగించడం ప్రమాదం. ధర కూడా రాత్రే మాట్లాడుకోవాలి. లొట్టి (చెట్టుకు కట్టిన కల్లు కుండ) దించినంక చెట్టు కింద బేరం పెట్టడం మర్యాద కాదు.

ఏ కల్లు, ఎప్పుడు

తాటిలో పోతుచెట్టు కల్లును పోద్దాడు కల్లంటారు, కాయ కాసే చెట్టుది పండుతాడు కల్లు. పోద్దాళ్ళు ముందొస్తాయి, ఎండ ముదిరినంక పండుతాళ్ళు. వానలు వెలిసినప్పటి నుంచి చలికాలమంతా ఈతకల్లు, ముఖ్యంగా పాలమూరు వైపు. ఈత చెట్టుకు గొలను గీయరు, మొవ్వ కింద కాండాన్నే ఒక ఏడు ఒక పక్క, మరో ఏడు రెండో పక్క గీస్తారు. ఇంటికి తేవడానికి పోద్దాడు కల్లే తేవాలి. మిగతావి మండువ దగ్గరే తాగి రావాలి.

పొద్దటి కల్లే తీసుకోండి. రాత్రి చల్లదనంలో లొట్టిలోకి దిగిన కల్లు నెమ్మదిగా పులుస్తుంది, అందుకే తీపి మిగిలి ఉంటుంది. మాపటి కల్లు పగలంతా ఎండలో వేడెక్కిన లొట్టిలో ఊరినది. దించేసరికే ఘాటుగా, పుల్లగా ఉంటుంది. అది కొందరికి ఇష్టం, కానీ గంటన్నర ప్రయాణం తట్టుకోదు. సూర్యుడు తాటిచెట్ల నడుముకు రాకముందే మీరు మండువ దగ్గర ఉండాలి. తొమ్మిదింటికి తీరిగ్గా వస్తే మీ పేరున దించిన కల్లు నీడలో కూర్చుని కూడా పులిసి ఉంటుంది.

ఇంకొకటి. ఒక్క చెట్టు కల్లు అడగండి. నాలుగు చెట్లది ఒక కుండలో కలిపితే తీపి, పులుపు సమం అవుతాయని కొందరంటారు. నిజమే, తాగడానికి బాగుంటుంది. కానీ అందులో ఒక్క లొట్టి ముదిరినదైనా మొత్తం కుండ దాని దారిలోనే పోతుంది.

తెచ్చుకోవలసినవి

రెండు ఐదు లీటర్ల స్టీలు క్యాన్లు, పల్చటి తెల్లగుడ్డ మూడు ముక్కలు, ఐస్‌పెట్టె, ఐదారు కిలోల ఐసు, తాడు. గాజు సీసాలు వద్దు. తాగని డ్రైవరు ఒకరు తప్పనిసరి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు అవుతుంది, కల్లు కదా అని పోలీసులు వదలరు. నంజుకోవడానికి బొబ్బర్ల గుడాలో, ఉడకబెట్టిన పల్లీలో కట్టుకుంటే చాలు. పరగడుపున తాగితే కడుపు కదులుతుంది.

మండువ దగ్గర

గౌడన్న చెట్టెక్కినప్పుడు దాని మొదట్లో నిలబడొద్దు. కత్తి జారొచ్చు, లొట్టి పడొచ్చు, ఎండిన మట్ట ఊడొచ్చు. నాలుగైదు గజాలు అవతల ఉండండి. కాటమయ్య రక్షణ కవచం పేరుతో ప్రభుత్వం 2024 జులై నుంచి భద్రతా కిట్లు ఇస్తోంది. వాటితో ఎక్కినా, పాత పద్ధతిలో మోకు ముత్తాదుతో ఎక్కినా పని పనే, తొందర పెట్టొద్దు.

లొట్టి మీ కళ్ళ ముందు దిగడం చూడాలి. కల్తీ లేదనడానికి ఇంతకు మించిన రుజువు లేదు. క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు, తీపి కోసం శాకరిన్ కలిపిన కల్లు మన జిల్లాల్లో ఎన్నో ప్రాణాలు తీసింది. 2015లో తనిఖీలు బిగిసి ఆ కల్లు అందకపోతే దానికి అలవాటు పడ్డవాళ్ళు వణుకుతో, పిచ్చి చూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. నాలుక మీద వేసి కల్తీ పట్టేస్తామనేవాళ్ళ మాట నమ్మొద్దు. ఒక్క గుర్తు మాత్రం పనికొస్తుంది. చెట్టు కల్లు గంటగంటకూ రుచి మారుతుంది. పొద్దున ఎలా ఉందో సాయంత్రానికీ అలాగే ఉంటే దాన్ని పారబోయండి.

లొట్టి మూతి చుట్టూ గుడ్డో ఆకో కప్పి ఉందా అని కూడా అడగండి. రాత్రిపూట గబ్బిలాలు గొల మీద వాలతాయి. బంగ్లాదేశ్‌లో నిపా వైరస్ మనుషులకు సోకిన దారుల్లో గబ్బిలాలు మూతి పెట్టిన పచ్చి ఈత రసం ఒకటి. మూత కట్టే మనిషి దగ్గర వాడిక పెట్టుకోవడానికి పులుపు, తీపి లెక్క తర్వాత, ఇది ముందు.

తాగడం ఆకులోనే. గ్లాసు అడగొద్దు. లేత తాటాకును మధ్యలో లోతు వచ్చేలా మడిచి, రెండు అంచులూ పైకి లేపి రెండు చేతులతో గట్టిగా పట్టాలి. ఒక కొసను పెదవులకు ఆనించి మోచేతులు కాస్త పైకెత్తితే గౌడన్న రెండో కొస నుంచి పోస్తాడు. అంచు వదులైతే కల్లు మోచేతుల మీదుగా కారిపోతుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు రెండు ఆకులు తాగి ఆగండి, అరగంట తర్వాత ఒంటి సంగతి చూసుకుని మూడోది పట్టొచ్చు. పిల్లలకూ గర్భిణులకూ ఇది వద్దు. వాళ్ళ కోసమైతే లోపల సున్నం పూసిన లొట్టిలో పట్టిన నీరా అడగండి. సున్నం పులవడాన్ని అడ్డుకుంటుంది. అదైనా దించగానే ఐసులోకి పోవాలి.

ఇంటికి తేవడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

తాటి రసంలో నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర ఉంటుంది. లొట్టి గోడలకు అంటిన ఈస్టు అనే సూక్ష్మజీవి ఆ చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొడుతుంది. పక్కనే లాక్టిక్ బ్యాక్టీరియా పులుపు పుట్టిస్తుంది. గాలి బాగా తగిలితే ఇంకో రకం బ్యాక్టీరియా ఆల్కహాలును సిర్కాగా మారుస్తుంది. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ బీరులోనూ పనిచేసేవి గాలిలో, పీపాల్లో ఉండే ఈస్టు, బ్యాక్టీరియాలే. ఆ బీరును పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ళ దాకా ఉంచుతారు. మన వేడికి కల్లు ఒక్క రోజులో అన్ని దశలూ దాటేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. లీటరు రసంలో వంద గ్రాముల చక్కెర ఉందనుకుంటే, అది పూర్తిగా పులిసేసరికి పాతిక లీటర్ల పైన వాయువు వస్తుంది. చెట్టు దిగేలోపే సగం పులిసిందనుకున్నా ఇంకా పన్నెండు లీటర్లకు పైగా రావాల్సి ఉంటుంది. మూత బిగించిన లీటరు సీసాలో అదెక్కడికి పోతుంది? ప్లాస్టిక్ అయితే ఉబ్బి మూత ఎగిరిపోతుంది, గాజు అయితే పగిలి మనిషి ముఖం మీదికి వస్తుంది. కారులో వాసన వస్తుందని మూత బిగించేవాళ్ళకు చెప్పేది ఒక్కటే: వాసన రానివ్వండి.

క్యాన్‌లో మూడింట రెండు వంతులే పోయించుకోవాలి, నురుగుకు చోటు కావాలి. పోసేటప్పుడు గుడ్డలో వడకట్టించండి. తేనెటీగలు, చీమలతో పాటు అడుగు మడ్డి కూడా కొంత ఆగుతుంది. మడ్డి అంటే ఎక్కువ భాగం ఈస్టే, అది ఎంత తక్కువ వస్తే అంత నెమ్మదిగా పులుస్తుంది. ఒక్కో క్యాన్ మూతికి ఒక్కో గుడ్డ కట్టి, మూతను దాని మీద ఊరికే ఆనించండి. తిప్పొద్దు, కొట్టి దిగేయొద్దు.

మండువ నుంచి కదిలే ముందే చల్లబరచాలి. ఇది ఎవరూ చేయరు, ఫలితమంతా దీని మీదే ఉంది. ఐస్‌పెట్టెలో క్యాన్ నిలబెట్టి, చుట్టూ ఐసు ముక్కలు దూర్చి, రెండు మూడు గ్లాసుల నీళ్ళు పోయండి. పొడి ఐసు అక్కడక్కడే తగులుతుంది. నీళ్ళు క్యాన్ గోడంతా అంటుకుని వేడి లాగేస్తాయి. పదిహేను ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచండి. వెచ్చటి కల్లు కుదిపితే అందులో కరిగిన వాయువంతా ఒక్కసారి నురుగై పొంగుతుంది, చల్లటిది అంత పొంగదు. ఐసును కల్లులో వేయడం మాత్రం వద్దు. పల్చబడి రుచి చస్తుంది, ఆ ఐసు ఏ నీళ్ళదో కూడా తెలియదు.

ఐస్‌పెట్టెను ముందు సీటు వెనక కాళ్ళు పెట్టుకునే చోట ఉంచి తాడుతో కట్టండి. డిక్కీ వేడెక్కుతుంది, పొంగినా కనబడదు. పెట్టె మూత గొళ్ళెం పెట్టొద్దు. అరగంటకోసారి ఒకరు క్యాన్ మూత ఎత్తి చూడాలి. నురుగు గుడ్డను తాకుతుంటే బండి ఆపి రెండు నిమిషాలు నిలకడగా ఉంచండి. ఊళ్ళో గతుకుల బాట దాటి హైవే ఎక్కేదాకా మెల్లగా పోవాలి, ఎక్కువ కల్లు ఒలికేది ఆ మొదటి రెండు మూడు కిలోమీటర్లలోనే.

ఎవరైనా ఇప్పటికే ప్లాస్టిక్ సీసా బిగించేసి, అది రాయిలా గట్టిపడిందనుకోండి. వెంటనే తెరవకండి. కదపకుండా అరగంట ఐసులో ఉంచి, తడిగుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పి, మూతను పావు వంతు మాత్రమే తిప్పండి. బుసమనే చప్పుడు ఆగేదాకా అలాగే పట్టుకుని, ఆ తర్వాత ఇంకో పావు వంతు. గాజు సీసా అయితే చేత్తో ముట్టుకోవద్దు. దుప్పటి కప్పి, పిల్లల్ని దూరంగా ఉంచి, చల్లబడేదాకా వదిలేయండి.

ఇంట్లో

ఫ్రిజ్‌లో కింది అరలో మూత వదులుగా పెట్టండి. చల్లదనం పులవడాన్ని నెమ్మది చేస్తుంది, ఆపదు. మధ్యాహ్న భోజనం లోపు తాగేయాలి, రాత్రికి అది వేరే కల్లు. పోసేటప్పుడు క్యాన్ కుదపకుండా వంచి, అడుగున రెండు వేళ్ళ మందం మడ్డి వదిలేయండి. మరునాటికి మిగిలితే తాగొద్దు. బియ్యప్పిండి పులియబెట్టడానికి అరగ్లాసు వాడుకోవచ్చు, పిండి గంటల్లో పొంగుతుంది.

క్యాన్లను అదే రోజు మరిగే నీళ్ళతో కడిగి ఎండలో బోర్లించండి. సబ్బు వాసన కల్లుకు పడుతుంది కాబట్టి బూడిదో, చింతపండో చాలు. మూతకు రబ్బరు వాషర్ ఉంటే ఊడదీసి వేరుగా కడగాలి. ఆ సందులో ఎండిన మడ్డి మిగిలితే వచ్చే ఆదివారం పోయించుకున్న తీపి కల్లు నార్కట్‌పల్లి దాటకముందే పుల్లబడుతుంది.