గ్యారేజీలో గోల్ఫ్ సిమ్యులేటర్: ముందు చెత్త షాట్‌ను తలుచుకోండి

గ్యారేజీలో గోల్ఫ్ సిమ్యులేటర్ (నిజం బంతిని తెరమీది మైదానం బొమ్మవైపు కొట్టి ఇంట్లోనే ఆడే ఏర్పాటు) పెట్టుకుందాం అనుకోగానే స్క్రీన్ ఎంత పెద్దది, లాంచ్ మానిటర్ (కొట్టిన బంతి వేగం, దిశ కొలిచే పరికరం) ఏది, ప్రొజెక్టర్ ఎంత వెలుగిస్తుంది అని వెతుకుతాం. నేనూ అంతే చేశాను. కొలతలన్నీ చక్కగా తగిలే షాట్‌ను ఊహించుకునే వేశాను: బంతి క్లబ్ (గోల్ఫ్ కర్ర) తల మధ్యలో తగులుతుంది, స్క్రీన్ మధ్యలో పడుతుంది. మూడో రోజు సాయంత్రం బంతి క్లబ్ మెడకు తగిలి కుడిపక్కకు దూసుకుపోయింది. గోడకున్న ఇనుప అరను కొట్టుకుని, నా చెవి పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. ఆ పూట మళ్ళీ క్లబ్ ముట్టుకోలేదు. మర్నాడు టేపు పట్టుకుని మొదటినుంచీ కొలిచాను, ఈసారి చెత్త షాట్‌ను మనసులో పెట్టుకుని.

గోల్ఫ్ బంతి బరువు నిబంధనల ప్రకారం 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చూడ్డానికి చిన్నదే. కానీ సరదాగా ఆడేవాళ్ళు డ్రైవర్‌తో గట్టిగా కొట్టినా అది గంటకు 200 కిలోమీటర్ల చుట్టుపక్కల వేగంతో బయల్దేరుతుంది. పేరున్న ప్రొఫెషనల్స్ కొడితే 270 దాటుతుంది. (గ్యారేజీ కాబట్టి చెప్పాలి, ఇక్కడ డ్రైవర్ అంటే కారు నడిపే మనిషి కాదు, సెట్‌లో అన్నిటికంటే పొడవైన క్లబ్.) ఆ 200 వేగంలో బంతికి ఉండే శక్తి, కిలో బరువును 7 మీటర్ల ఎత్తునుంచి వదిలితే కింద తగిలే దెబ్బతో సమానం. స్క్రీన్ 3 మీటర్ల దూరంలో ఉంటే అక్కడికి చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. తిరిగొస్తుంటే తప్పుకుందాంలే అనుకోవద్దు. రెప్ప వేసేంత సమయం కూడా ఉండదు.

పైకప్పు ఎత్తు కాదు, దానికి వేలాడేవి చూడండి

ఎత్తు 10 అడుగులుంటే ఎక్కువమందికి ఇబ్బంది ఉండదు. 9 అడుగులంటే మనిషినిబట్టి, స్వింగ్‌నుబట్టి (క్లబ్ ఊపే తీరునుబట్టి). 8 అడుగులే ఉంటే పొడగరులకు డ్రైవర్ ఊసు వద్దు. అయితే టేపు పైకప్పుకు పెట్టి కొలిచి సంబరపడొద్దు. గ్యారేజీలో అసలు ఎత్తు అంటే అన్నిటికంటే కిందికి ఉన్న వస్తువు ఎత్తు. పైకి లేచి కప్పు కిందికి జారే తలుపైతే దాని మోటారు, పట్టాలు, ఇంకా ట్యూబ్‌లైటు, అడ్డ దూలం, మీరే బిగించబోయే ప్రొజెక్టర్. కింద మ్యాట్ వేశాక మరో నాలుగైదు సెంటీమీటర్లు పోతాయి, బూట్లతో ఇంకొన్ని.

ఏదీ కొనకముందే ఒక పరీక్ష చేయండి. మ్యాట్ మందమంత చెక్కపలక నేలమీద వేసి, బూట్లు తొడుక్కుని, ఇంట్లో ఆడబోయేవాళ్ళలో అందరికంటే పొడుగైన మనిషిని నిలబెట్టండి. క్లబ్ తలకు పాత తువ్వాలు చుట్టి నెమ్మదిగా స్వింగ్ చేయించండి. దూరంగా ఒకరు నిలబడి క్లబ్ ఎక్కడిదాకా వెళ్తోందో చూడాలి. వెనక్కి ఎత్తేటప్పుడే కాదు, కొట్టాక ఎడమ భుజం మీదుగా తిరిగేటప్పుడూ చూడాలి. చాలామంది మర్చిపోయేది ఈ రెండోదే. డ్రైవర్‌తో చూశాక పొట్టి ఐరన్‌తోనూ (పలుచని లోహపు తల ఉన్న క్లబ్) చూడండి. అది పొట్టిదే అయినా నిటారుగా లేస్తుంది, కొందరిలో డ్రైవర్‌కంటే పైకి పోతుంది. నెమ్మది స్వింగ్‌లో పైన కనీసం అర అడుగు ఖాళీ మిగలాలి. వేగంగా కొట్టేటప్పుడు చేతులు ఇంకాస్త సాగుతాయి.

తగలకపోవడం ఒక్కటే సరిపోదు. తగులుతుందేమో అన్న టెన్షన్ ఉంటే ఒళ్ళు దానంతటదే ముడుచుకుంటుంది. మోకాళ్ళు వంగుతాయి, చేతులు కుదించుకుంటాయి. రెండు నెలలు అలా ఆడితే బయట మైదానంలోనూ అదే స్వింగ్ వస్తుంది. ఎత్తు చాలని గదిలో ఐరన్లతోనే ఆడుకోవడం నామోషీ ఏమీ కాదు.

ఎత్తు కోసం దూలాలు కోయించే ఆలోచన వస్తే అక్కడే ఆపండి. అవి ఊరికే అడ్డంగా ఉన్నట్టు కనిపించినా పైకప్పును గోడలను పట్టి ఉంచుతుంటాయి. ఇంజనీరు చూడకుండా ఒక్కటి కూడా ముట్టుకోకూడదు. తలుపు పట్టాలను పైకి జరిపి, మోటారును గోడకు మార్చుకోవడం మంచి దారే. కానీ ఆ తలుపు స్ప్రింగుకు మీ స్పానర్ తగలకూడదు. తలుపు బరువంతా తేల్చి ఎత్తే బిగువు అందులో ఉంటుంది. వదులైన క్షణంలో చేతిలోని పనిముట్టు ముఖంమీదికి వస్తుంది. ఆ పని తెలిసినవాళ్ళను పిలవండి.

ఇంకో చిన్న సంగతి, నాకు ఆలస్యంగా తట్టింది. మీరు లోపల ఆడుతుండగా ఇంట్లోవాళ్ళు బయటనుంచి రిమోట్ నొక్కితే? తలుపు లేచి నేరుగా ప్రొజెక్టర్‌ను తడుతుంది, లేదా మీ క్లబ్ దారిలోకి వస్తుంది. ఆడే ముందు మోటారు ప్లగ్ తీసేయడం అలవాటు చేసుకోండి.

బంతి ఎటెటు పోగలదు

స్క్రీన్‌కు తగిలిన బంతి గురించి భయం అక్కర్లేదు, స్క్రీన్‌ను సరిగ్గా కడితే. డప్పులా బిగించారంటే బంతి మీ మీదికే తిరిగొస్తుంది. బొమ్మ ముడతల్లేకుండా కనిపించాలని అందరూ బిగించేస్తారు. సాగే తాళ్ళతో కట్టి, బంతి తగిలినప్పుడు వెనక్కి ఊగేలా ఉంచాలి. అలా ఊగడానికి వెనక గోడకూ స్క్రీన్‌కూ మధ్య కనీసం అడుగు ఖాళీ కావాలి. ఆ ఖాళీలో సైకిలు, పెయింటు డబ్బాలు, నిచ్చెన లాంటివి దూర్చకండి. బంతి స్క్రీన్‌తోపాటు వెళ్ళి వాటిని కొట్టిందంటే స్క్రీన్ చిరుగుతుంది, బంతి కూడా గట్టిగా తిరిగొస్తుంది. బంతి పెట్టే చోటునుంచి స్క్రీన్‌కు 10 అడుగులు ఉంటే నయం, 8కి తగ్గనివ్వకండి.

అసలు ప్రమాదం స్క్రీన్ అంచుల్లో. ఫ్రేము పైపు ఇనుముది. దానికి సూటిగా తగిలిన బంతి దాదాపు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. పైన, రెండు పక్కలా పైపు మొత్తం మందపాటి ఫోమ్‌తో కప్పాలి. మూలల్లో, బోల్టుల దగ్గర సందు వదలకూడదు. కింద స్క్రీన్ నేలకు తగలక రెండు అంగుళాలు పైకి ఉంటే బంతి అందులోంచి దూరి వెనక గోడకు కొట్టుకుని వస్తుంది. బట్ట కాస్త ముందుకు పరుచుకునేలా వదిలి, వెనక ఒక ఫోమ్ దిండు పెట్టండి. మ్యాట్‌కూ స్క్రీన్‌కూ మధ్య వట్టి సిమెంటు నేల ఉంటే, స్క్రీన్ నుంచి జారిపడ్డ బంతి దానిమీద ఎగిరి మీ మోకాలి దగ్గరికి వస్తుంది. పాత తివాచీ అయినా వేయండి.

ఇక షాంక్. బంతి క్లబ్ ముఖానికి కాక మెడకు తగిలితే కుడిచేతి ఆటగాడికి కుడిపక్కకు, ఒక్కోసారి సగం లంబకోణంలో పోతుంది. అంటే స్క్రీన్‌కు రెండు పక్కలా అడుగున్నర రెక్కలు కట్టుకున్నంత మాత్రాన ఆగదు. ఆ రెక్కకు చాలా ముందే గోడను కొడుతుంది. పక్క నెట్ దాదాపు మ్యాట్ దగ్గరిదాకా రావాలి. నెట్‌ను గోడకు ఆనించి కాదు, కనీసం అర అడుగు ఇవతలగా వదులుగా వేలాడదీయాలి. కెమెరా రకం లాంచ్ మానిటర్లు చాలావరకు ఆటగాడికి ఎదురుగా, బంతికి అవతల నేలమీద కూర్చుంటాయి. షాంక్ దారి సరిగ్గా అటే. దానికి గట్టి తొడుగు లేకుండా ఒక్క బంతి కూడా కొట్టకండి. ఇంట్లో ఎడమచేతి ఆటగాడు ఉంటే ఇదంతా రెండో పక్క కూడా కావాలి. రాడార్ రకాన్ని బంతి వెనక 2 మీటర్లకు పైగా దూరంలో పెడతారు కాబట్టి దానికి దెబ్బ భయం తక్కువే. కాకపోతే గది పొడవు ఎక్కువ కావాలి, వెనక్కి నడిచేటప్పుడు కాలికి తగలనూ తగులుతుంది.

పైకి లేచిన బంతినీ లెక్కలో పెట్టుకోండి. వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే పొట్టి క్లబ్) షాట్, లేదా డ్రైవర్ పైఅంచుకు తగిలిన బంతి స్క్రీన్‌కు చేరకముందే పైకప్పును తాకుతుంది. అక్కడ ట్యూబ్‌లైటు ఉంటే పగిలిన గాజుతోపాటు దాంట్లోని పాదరసం కూడా గదిలో పడుతుంది. ట్యూబ్‌లు తీసేసి పైకప్పుకు అంటుకుని ఉండే ఎల్‌ఈడీ పలకలు పెట్టించండి. స్క్రీన్ ముందు నాలుగైదు అడుగుల మేర పైన కూడా నెట్ కట్టండి.

అన్నీ అయ్యాక తొలి బంతి డ్రైవర్‌తో కొట్టాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. ముందు వెడ్జ్‌తో సగం స్వింగ్, తర్వాత 7 నంబరు ఐరన్, ప్రతిసారీ బంతి ఎంత తిరిగొస్తోందో చూడండి. స్క్రీన్ కింద పడి మెల్లగా దొర్లుకుంటూ వస్తే సరే. గాల్లో వస్తుంటే తాళ్ళు వదులు చేయాలి. గీతలు పడ్డ పాత బంతులు వాడొద్దు. కొత్త వెడ్జ్ ముఖంమీది గాడులు బంతి పైపొరను చెక్కేస్తాయి, ఆ గరుకు బంతి ఆకురాయిలా స్క్రీన్‌ను కోస్తుంది.

మనుషులు

నేలమీద రంగు టేపుతో గీత గీయండి. ఒకరు క్లబ్ పట్టుకున్నప్పుడు మిగతావాళ్ళంతా గీత వెనకే. కుర్చీలు ఆటగాడి వీపు వెనక ఓ మూడు మీటర్లైనా ఎడంగా వేయండి. స్క్రీన్‌కు రెండు పక్కలా, ముందువైపు ఎవరూ నిలబడి వీడియో తీయకూడదు. పిల్లలు బంతి దొర్లగానే పరిగెత్తుకెళ్ళి తెస్తారు, అదే పెద్ద భయం. చేతిలో క్లబ్ ఉన్నవాళ్ళే బంతి తెచ్చుకోవాలి అన్న కట్టుబాటు పెట్టండి. ఇంట్లోంచి గ్యారేజీలోకి తలుపు ఉంటే అది మీ స్వింగ్‌లోకి తెరుచుకోవచ్చు. ఆడేటప్పుడు లోపలినుంచి గడియ వేయండి. చెమటకు గ్రిప్ జారితే క్లబ్ కూడా బంతిలాగే ఎగురుతుంది, కాబట్టి అరిగిన గ్రిప్పులు మార్చండి.

దెబ్బ ఆటగాడికీ ఉంది, నెమ్మదిగా. గడ్డిమీద బంతికి వెనకగా కొడితే క్లబ్ మట్టిలోకి దిగి ఆగుతుంది. సిమెంటు మీద పరిచిన పలుచని మ్యాట్ అలా దిగనివ్వదు, ఆ అదురంతా మణికట్టుకూ మోచేతికీ వస్తుంది. మోచేతి లోపలివైపు నొప్పి మొదలైందంటే ఆపేయండి. కొట్టే చోట మెత్తని పొర ఉన్న మందపాటి మ్యాట్ మీద ఖర్చు తగ్గించుకోవద్దు. ప్రొజెక్టర్ మీద తగ్గించుకున్నా పర్లేదు. నిలబడే చోటూ బంతి ఉండే చోటూ ఒకే ఎత్తులో ఉండాలి. నీళ్ళు పోవడానికి గ్యారేజీ నేలను చాలాచోట్ల తలుపువైపు మీటరుకు సెంటీమీటరు చొప్పున వాలు చేస్తారు. లెవెల్ చూసి కింద చెక్కలు సర్దకపోతే కాళ్ళూ తప్పుగా నిలబడతాయి, మానిటర్ లెక్కా తప్పుతుంది.

చెవుల గురించి ఎవరూ చెప్పరు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వైద్యులు ఒక కేసు రాశారు. పలుచని టైటానియం డ్రైవర్‌తో వారానికి మూడుసార్లు, ఏడాదిన్నరపాటు ఆడిన 55 ఏళ్ళ మనిషికి వినికిడి దెబ్బతినడానికి ఆ క్లబ్ చప్పుడు కారణం కావచ్చని. అది ఆరుబయట. నాలుగు గోడల మధ్య, సిమెంటు మీద, ఆ చప్పుడు ఇంకా కొడుతుంది. డ్రైవర్ రోజున చెవుల్లో ఫోమ్ బిళ్ళలు పెట్టుకోండి.

గ్యారేజీ గ్యారేజీయే

కారు బయటికి తీసిన వెంటనే తలుపు మూసి ఆట మొదలుపెట్టకండి. పొగ వాసన పోయినా కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చలికాలంలో గ్యాస్ హీటర్ వెలిగించి తలుపులన్నీ బిగించుకోవడం మరీ ప్రమాదం. ఆ వాయువును పసిగట్టే అలారం ఒకటి పెట్టించండి. పెట్రోలు డబ్బా, థిన్నర్ ముందే వేరే చోటికి చేర్చండి. కంప్యూటర్, ప్రొజెక్టర్, ఏసీ లేదా హీటర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకుండా ఎలక్ట్రీషియన్‌తో వేరే లైను లాగించండి, షాక్ కొట్టగానే కరెంటు ఆపే బ్రేకర్‌తో సహా. వైర్లు గోడవెంట పోవాలి, మ్యాట్ కిందనుంచి కాదు. స్క్రీన్, ఫోమ్ కొనేటప్పుడు మంట త్వరగా అంటుకోని రకమా కాదా అడగండి. చలికి, తేమకు ఎలక్ట్రానిక్స్ పాడవుతాయి. మానిటర్‌ను ఆట అయ్యాక ఇంట్లోకి తెచ్చుకోవడమే సుఖం.

నెలకోసారి ఫ్రేము బోల్టులు, తాళ్ళ ముడులు, ఫోమ్ చిరుగులు చూస్తాను. స్క్రీన్ వెనక టార్చి వేస్తే సన్నబడ్డ చోట వెలుగు తెలిసిపోతుంది. ఆ ఇనుప అర ఇప్పుడు లేదు. దాని చోట నల్లటి నెట్ వేలాడుతోంది. దులిపిన ప్రతిసారీ దాని అడుగున రెండు మూడు బంతులు దొరుకుతూనే ఉన్నాయి.