రీలోడింగ్ ప్రెస్‌తో వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

అమెరికాలో గురిపోటీలకు సాధన చేసేవారు కాల్చిన ఇత్తడి కేసులను (తూటా తొడుగులను) ఏరి తెచ్చి, రీలోడింగ్ ప్రెస్ అనే చేతి యంత్రంతో ఇంట్లోనే తిరిగి తూటాలుగా నింపుకుంటారు. (మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం కనుక, ఈ వివరాలు అక్కడివారికే వర్తిస్తాయి.) సింగిల్-స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒక డై (కేసు మీద ఒక్కో పని చేసే పరికరం) మాత్రమే ఉంటుంది కాబట్టి, కేసులన్నింటికీ ఒక పని పూర్తిచేశాకే మరో పనికి వెళతాము. ప్రోగ్రెసివ్ అనే మరో రకం ప్రెస్‌లో కేసులను పట్టుకునే షెల్‌ప్లేటు తిరుగుతుండగా హ్యాండిల్ లాగిన ప్రతిసారీ అన్ని స్థానాల్లోనూ పని జరిగి, ఒక తూటా తయారై బయటికి వస్తుంది. ఈ వేగానికి ఉన్న వెల ఏమిటంటే, చేతి లయ ఒక్కసారి తప్పితే నాలుగైదు కేసులు ఏ దశలో ఉన్నాయో తెలియకుండా పోతుంది.

పేలినప్పుడు శబ్దం బలహీనంగా వచ్చింది

ఇది అన్నింటికన్నా ప్రమాదకరమైన లక్షణం. మందు పడని కేసులో ప్రైమర్ (మందును రగిలించడానికి కేసు అడుగున అమర్చే చిన్న గిన్నె) ఒక్కటే పేలితే గుండు గొట్టంలోనే ఇరుక్కుపోవచ్చు. దాని వెనుక మరో తూటా కాలిస్తే గొట్టం పగలవచ్చు. అందుకే వెంటనే కాల్పులు ఆపి, తుపాకీని ఖాళీ చేసి, గొట్టం తెరిచి ఉందో లేదో చూడాలి.

ప్లేటును చేత్తో తిప్పే ప్రెస్‌లలో, ఉదాహరణకు డిల్లన్ 550లో, తిప్పడం మరిచి మళ్లీ లాగితే ఒకే కేసులో రెండుసార్లు మందు పడుతుంది. రెండుసార్లు తిప్పితే అసలే పడదు. ప్లేటు తనంతట తిరిగే ప్రెస్‌లలోనూ ఏదో అడ్డుపడి హ్యాండిల్‌ను సగంలో ఆపినప్పుడు ఇలాంటి గందరగోళమే ఏర్పడుతుంది. పాత .38 స్పెషల్ రివాల్వర్ తూటా కేసు నల్లమందు కాలం నాటిది, ఎక్కువ మందు పట్టేలా పెద్దగా ఉంటుంది. నేటి మందు అందులో అడుగునే ఉండిపోతుంది కాబట్టి రెండు మోతాదులు పడినా పొంగదు, కంటికి తేడా తెలియదు.

పరిష్కారంగా, పని మధ్యలో ఆగితే ప్లేటు మీదున్న కేసులన్నీ తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. గుండు పెట్టే ముందు ప్రతి కేసులోకీ దీపపు వెలుతురులో చూడాలి. అయిదు స్థానాల ప్రెస్ అయితే మందు మట్టాన్ని పరీక్షించే డైకి ఒక స్థానం కేటాయించడం వృథా కాదు. తొలిసారి నేర్చుకునేవారు సింగిల్-స్టేజ్‌తో మొదలుపెట్టాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఇదే: మందు పోసిన కేసులన్నింటినీ ట్రేలో వరుసగా పెట్టి ఒక్క చూపులో పోల్చుకోవచ్చు.

ప్రైమర్ పైకి నిలబడింది, లేదా నలిగింది

ప్రైమర్ గుంటలో మసి పేరుకోవడం, సైనిక కేసుల గుంట అంచున ఉండే నొక్కు తొలగించకపోవడం, హ్యాండిల్‌ను చివరిదాకా నెట్టకపోవడం సాధారణ కారణాలు. .45 ఏసీపీ పిస్తోలు కేసుల్లో పెద్ద ప్రైమర్‌వీ చిన్న ప్రైమర్‌వీ కలిసిపోతే ప్రోగ్రెసివ్ వెంటనే బిగుసుకుంటుంది. అప్పుడు బలం ప్రయోగించకూడదు. ముందే కేసులను వేరుచేసుకోవాలి. తయారైన తూటాలో పైకి నిలిచిన ప్రైమర్‌ను తిరిగి నొక్కే ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు, తూటాను విప్పాలి. కళ్లద్దాలు తప్పనిసరి.

తూటాల పొడవు ఒక్కలా రావడం లేదు

సింగిల్-స్టేజ్‌లో అయితే డైని బిగించి ఉంచే లాక్‌రింగ్ వదులైందేమో, గుండు నొక్కే కడ్డీకి మైనం అంటుకుందేమో చూడాలి. ప్రోగ్రెసివ్‌లో మరో కారణం ఉంది: ప్లేటు మీద కొన్ని స్థానాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒత్తిడి ఒకవైపే పడి ప్లేటు కాస్త ఒరుగుతుంది. కాబట్టి అన్ని స్థానాలూ నిండి ఉండగానే డై సరిచేసి, ఆ స్థితిలో వచ్చిన తూటాలనే కొలవాలి.

రైఫిల్ తూటా ఛాంబర్‌లో (గొట్టం వెనుక తూటా కూర్చునే చోట) పూర్తిగా దిగడం లేదు

కేసును తిరిగి సరైన కొలతకు నొక్కే సైజింగ్ డై సరిపడా కిందికి దిగకపోతే కేసు భుజం (మెడ దగ్గర సన్నబడే వాలు) వెనక్కి జరగదు. డైని కొద్దికొద్దిగా దించుతూ, కొలత సరిచూసే కేసు గేజ్‌లో చూసుకోవాలి. పొడవు కూడా కొలవాలి: .223 రెమింగ్టన్ కేసు 1.760 అంగుళాలు దాటకూడదు, కోసినప్పుడు 1.750కి తెస్తారు. కేసుకు లూబ్ (జారుడు పూత) సరిగా పట్టకపోతే అది డైలోనే ఇరుక్కుంటుంది. రైఫిల్‌కు సింగిల్-స్టేజ్ నెమ్మదైనా, ప్రతి కేసునూ చేతిలోకి తీసుకుని కొలిచే వీలు అందులోనే ఎక్కువ.