పాత రిమ్‌ఫైర్ తూటాలు మొరాయిస్తుంటే ముందు డబ్బా చూడండి

ఏళ్ల తరబడి దాచిన .22 రిమ్‌ఫైర్ తూటాలు (అడుగు అంచు మీద పిన్ను కొడితే పేలేవి) పేలకపోతే చాలామంది కంపెనీని తిట్టుకుంటారు, లేదంటే పాతబడిపోయాయిలే అని సరిపెట్టుకుంటారు. తేమ తగలకుండా, వేడెక్కకుండా ఉంచితే అవి దశాబ్దాల తర్వాత కూడా బాగానే పేలతాయి. కాకపోతే వీటిలో .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) రకానికి ఒక బలహీనత ఉంది. బుల్లెట్ వెనుక భాగాన్ని కాస్త సన్నగా చేసి కేసులోకి (మందు ఉండే ఇత్తడి గొట్టంలోకి) దూర్చి, కేసు మూతిని నొక్కుతారు, అంతే. ఆ పట్టు సెంటర్‌ఫైర్ (పిన్ను అడుగు మధ్యలో కొట్టే) తూటాకి ఉన్నంత బిగువుగా ఉండదు, కొన్నైతే వేళ్లతో తిప్పితే తిరిగిపోతాయి కూడా. తేమ, నూనె దూరేది ఆ సందులోంచే.

పిన్ను పడింది, తూటా పేలలేదు

బోల్టు (తూటా వెనక మూసి ఉండే భాగం) వెంటనే తీయకండి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి కాబట్టి తుపాకీ మూతిని సురక్షితమైన వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. తర్వాత తూటా తీసి అంచు మీద పడిన గంటు చూడండి. పైపైన గీరినట్టుంటే తుపాకీలో మురికి చేరి ఉండొచ్చు, లేదా స్ప్రింగు బలం తగ్గి ఉండొచ్చు, దానికి నిల్వతో సంబంధం లేదు. గంటు లోతుగా ఉంటే తేడా తూటాలోనే. రిమ్‌ఫైర్‌లో విడిగా ప్రైమర్ (దెబ్బకు అంటుకునే మందున్న చిన్న గిన్నె) ఉండదు, ఆ మందునే తడిగా వేసి కేసును గిర్రున తిప్పితే అది అడుగు అంచులోకి పాకుతుంది. అంచులో ఎక్కడైనా మందు చేరక, పిన్ను సరిగ్గా అక్కడే పడితే కొత్త తూటా కూడా మొరాయిస్తుంది, కాబట్టి ఒకటీ అరా పేలకపోతే టెన్షన్ పడక్కర్లేదు. ఒకే పెట్టెలోవి వరసగా మొరాయిస్తుంటే మాత్రం లోపలికి తేమో నూనో చేరిందని అనుకోవాలి. ఆ పెట్టెను పక్కన పెట్టేయండి. ఎండలోనో పొయ్యి దగ్గరో ఆరబెట్టి బాగుచేద్దామని చూడకండి, అది ప్రమాదం.

గట్టి శబ్దం బదులు 'టప్'మని వినిపించింది

ఇక్కడ ఆగిపోవాలి. మందు దెబ్బతిని బుల్లెట్ బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకొకటి పేలిస్తే బారెల్ పగిలే ప్రమాదం ఉంది. తుపాకీ పూర్తిగా ఖాళీ చేసి, బారెల్‌లో అడ్డం లేదని తేలేదాకా మళ్లీ కాల్చకండి.

ఇత్తడి నల్లబడింది, పచ్చబడింది

రంగు మందగించి గోధుమ రంగుకి తిరిగితే ఏమీ కాదు. పచ్చటి చిలుము పట్టి, కింద గుంటలు పడితే ఆ తూటా పనికిరాదు. సన్నటి పగుళ్లు కనిపిస్తే అమ్మోనియాను అనుమానించండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది, అక్కడి మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాకి ఇత్తడి కేసులు పగిలేవి. ఇంట్లో వాడే కొన్ని క్లీనర్లలోనూ అదే ఉంటుంది, వాటి పక్కన తూటాలు పెట్టకండి. అలాంటి పాలిష్‌తో తూటాలు తోమడమూ వద్దు.

బుల్లెట్ల మీద తెల్లటి పొడి

అది సీసానికి పట్టిన తుప్పు. తేమతో పాటు చెక్క పెట్టెలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కూడా దానికి కారణమే, చెక్క సొరుగులో విడిగా పోసి ఉంచిన తూటాలకి ఇది తొందరగా పడుతుంది. ఆ పొడి విషం. ఊదకండి, పొడి బ్రష్‌తో దులపకండి, ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పొడి దట్టంగా పట్టిన తూటాలను వాడకండి.

పూత కరిగి జిగటగా అయ్యాయి

సీసపు బుల్లెట్ల మీద పల్చటి మైనం లాంటి పూత ఉంటుంది. కారు డిక్కీలో, అటక మీద వేడికి అది కరిగి దుమ్ముని పట్టేస్తుంది. అలా అయిన వాటిని తుడిచి మళ్లీ దాచే బదులు, డబ్బాను ఏడాది పొడవునా ఒకేలా చల్లగా ఉండే గదిలోకి మార్చడం ముఖ్యం.

మరి ఎలా దాచాలి

కంపెనీ పెట్టెల్లోనే ఉంచి, వాటిని రబ్బరు అంచు ఉన్న మూత డబ్బాలో సర్దండి, గాలి పొడిగా ఉన్న రోజు చూసి మూయండి. లోపల తేమ పీల్చి రంగు మారే రకం సిలికా జెల్ సంచి వేసి, రంగు మారినప్పుడల్లా మార్చండి. చల్లటి చోటు నుంచి తెచ్చిన డబ్బాను వెంటనే తెరిస్తే తూటాల మీద నీటి చెమ్మ పడుతుంది, గది వేడికి వచ్చాకే మూత తీయండి. తుపాకీ నూనె రాసిన చేతులతో తూటాలు ముట్టుకోవద్దు. 500 తూటాలు దాదాపు 1.7 కిలోల బరువుంటాయి, కాబట్టి కింది అరలో పెట్టండి, నేల మీద మాత్రం కాదు. పెట్టె మీద కొన్న నెల, ఏడాది రాసి పాతవి ముందు వాడండి. లైసెన్సులో ఉన్న పరిమితి దాటకుండా, తుపాకీకి వేరుగా తాళం వేసి ఉంచండి.

పాడైన తూటాలను చెత్తలో గానీ నీళ్లలో గానీ మంటలో గానీ పడేయకండి. విడిగా ఒక పెట్టెలో పెట్టి, మీద 'పాడైనవి' అని రాసి, లైసెన్సు ఉన్న డీలర్‌కో పోలీసులకో ముందుగా ఫోన్ చేసి, ఎలా తెమ్మంటే అలా తీసుకెళ్లి అప్పగించండి.