కేలరీలు లెక్కపెడుతున్నా బరువు నిలిచిపోతే ఏం చేయాలి?

రోజూ తిన్నదంతా ఫోన్‌లో రాసుకుంటూ, అనుకున్న కేలరీల హద్దు దాటకుండా ఉంటున్నా, వారాల తరబడి తూకం ఒకే అంకె దగ్గర నిలిచిపోతే ఎంతటివారికైనా నీరసం వస్తుంది. బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటూ 84 కిలోల నుంచి 72 కిలోలకు తగ్గిన తర్వాత, నా బరువు ఐదు వారాల పాటు కదలలేదు. జీవక్రియ దెబ్బతిన్నదని ఒకరు, అన్నం పూర్తిగా మానేయమని మరొకరు చెప్పారు. చివరకు తేలిందేమిటంటే, రెండు చిన్న మార్పులు ఎదురెదురుగా నడిచి వచ్చి ఒకచోట కలుసుకున్నాయి. శరీరం చిన్నదై దాని అవసరం తగ్గింది. నా లెక్క కొద్దికొద్దిగా వదులై తినేది పెరిగింది. బరువు ఆగిపోయినవారిలో చాలామంది విషయంలో ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి, తిండిని ఇంకా తగ్గించే ముందు వీటిని వరుసగా సరిచూసుకోవాలి.

అన్నిటికంటే ముందు, బరువు నిజంగా ఆగిందో లేదో తెలుసుకోవాలి. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ అనే రూపంలో నిలవ చేసుకుంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. ముందురోజు ఆవకాయ ఎక్కువ తిన్నా, జిమ్‌లో కొత్త వ్యాయామం మొదలుపెట్టి కండరాలు నొప్పులతో ఉన్నా, మలబద్ధకం ఉన్నా, కిలో కిలోన్నర తేడా కనిపించడం మామూలే. అందువల్ల రోజూ ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, కాఫీ తాగకముందే బరువు చూసుకుని, ఏడు రోజుల సగటును మాత్రమే కిందటి వారం సగటుతో పోల్చాలి. స్త్రీలలో నెలసరికి ముందు నీరు చేరుతుంది కనుక, వారు ఈ నెలలోని ఒక వారాన్ని కిందటి నెలలోని అదే వారంతో పోల్చుకోవడం సరైన పద్ధతి. నడుము కొలత కూడా టేపుతో రాసుకోవాలి. బరువు ఆగినట్టు కనిపిస్తూ నడుము సన్నబడుతూ ఉంటే కొవ్వు కరుగుతున్నట్టే. సగటు, నడుము రెండూ నాలుగు వారాలు కదలకపోతేనే ప్లాటో, అంటే బరువు నిజంగా నిలిచిపోయిన దశ, వచ్చిందని అనుకోవాలి.

తర్వాత శరీరపు కొత్త అవసరాన్ని లెక్కకట్టాలి. 1990లో వెలువడిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం ఇందుకు సరిపోతుంది. బరువును కిలోలలో 10తోను, ఎత్తును సెంటీమీటర్లలో 6.25తోను గుణించి కలిపి, అందులోంచి వయసును 5తో గుణించిన మొత్తాన్ని తీసివేసి, పురుషులైతే 5 కలపాలి, స్త్రీలైతే 161 తీసివేయాలి. 35 ఏళ్లు, 170 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న నాలాంటి పురుషుడికి 84 కిలోల దగ్గర ఇది సుమారు 1,730 కేలరీలు, 72 కిలోల దగ్గర సుమారు 1,610 కేలరీలు. ఎక్కువసేపు కూర్చుని పనిచేసేవారికి దీన్ని 1.4తో గుణిస్తే రోజు ఖర్చు మొదట్లో సుమారు 2,425, ఇప్పుడు సుమారు 2,255 అవుతుంది. అంటే అప్పుడూ ఇప్పుడూ 1,900 కేలరీలే తింటున్నా, రోజుకు 525గా ఉన్న లోటు 355కు పడిపోయింది. ఇది సూత్రం చెప్పే అంచనా మాత్రమే. తిండి తగ్గినప్పుడు శరీరం ఇంతకంటే కూడా కాస్త పొదుపుగా ఖర్చు పెడుతుంది, మనకు తెలియకుండానే కదలికలు కూడా తగ్గుతాయి.

మిగిలిన ఆ 355 కేలరీలు ఎక్కడికి పోయాయన్నది అసలు ప్రశ్న, ఎక్కువ ఓపిక చూపవలసినదీ ఇక్కడే. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పినవారిని పరీక్షించగా, వారు తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగా, శారీరక శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పినట్టు తేలింది. వారి జీవక్రియలో లోపమేమీ కనిపించలేదు. వారు అబద్ధమాడారని దీని అర్థం కాదు. తిన్నది గుర్తు పెట్టుకోవడం అంత కష్టం.

మన వంటలో మొదట చూడవలసింది నూనె. ఒక పెద్ద చెంచా నూనె దాదాపు 120 కేలరీలు. తాలింపు వేసేటప్పుడు సీసాను వంచి పోసే చేతికి ఒక చెంచాకు, రెండు చెంచాలకు తేడా తెలియదు. రోజూ కొలవడం కుదరనివారు నెల సరుకుల చీటీ చూడవచ్చు. లీటరు ప్యాకెట్‌లో సుమారు 910 గ్రాముల నూనె, అంటే దాదాపు 8,200 కేలరీలు ఉంటాయి. ముగ్గురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు అయిపోతుంటే, పారబోసింది ఏమీ లేకపోతే, ఒక్కొక్కరికి రోజుకు 270 కేలరీలు నూనె నుంచే వస్తున్నట్టు. ఫోన్‌లో రాసుకున్నది ఇందులో సగమే ఉంటే, తప్పు ఎక్కడుందో వెతకనక్కరలేదు. నెయ్యికీ, పొడిలో కలుపుకునే నూనెకూ, ఆవకాయ పైన తేలే నూనెకూ ఇదే లెక్క వర్తిస్తుంది. పల్లీ చట్నీని కూడా చట్నీయే కదా అని వదిలేయకూడదు; అందులోకి వెళ్లిన 20 గ్రాముల పల్లీలకే 100 కేలరీలు దాటుతాయి.

రెండవది అన్నం. వంద గ్రాముల బియ్యం సుమారు 350 కేలరీలు, వంద గ్రాముల అన్నం సుమారు 130 కేలరీలు. నేను 75 గ్రాముల బియ్యం తూచి, యాప్‌లో మాత్రం "అన్నం" అన్న వరుసను ఎంచుకుంటున్నానని నెలల తర్వాత గమనించాను. ఆ ఒక్క పొరపాటు రోజుకు 165 కేలరీలు దాచింది. దానికి నూనెలో లెక్క తప్పిన 120, ఆఫీసులో మధ్యాహ్నం తాగి రాయని కాఫీలోని 70 కలిపితే 355 అయింది. యాప్‌లలో ఒకే పదార్థానికి ఎవరెవరో చేర్చిన పది రకాల అంకెలు కనిపిస్తాయి కాబట్టి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలను ఆధారంగా చేసుకుని పచ్చి పదార్థాల బరువుతో లెక్కించడం మేలు.

బెంగళూరులో ఉండే తెలుగువారికి ఇంకొక చిక్కు ఉంది. పీజీలలో, ఆంధ్రా మెస్‌లలో తినేవారు వంటను చూడలేరు. అటువంటప్పుడు కూరలో నూనెను ఊహించడం కంటే, మన చేతిలో ఉన్నదానిని బిగించడం మంచిది. అన్నం ఒకసారే పెట్టించుకుని, పప్పూ పెరుగూ ఎక్కువ వేసుకుని, వేపుడు తగ్గించి, నెయ్యి ఒక చిన్న చెంచాకు పరిమితం చేసి, మొత్తం మీద యాప్ చెప్పినదానికి 20 శాతం కలిపి రాసుకోవాలి. దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, టిఫిన్ తినేవారికి ఇడ్లీ సులువుగా అంచనాకు దొరుకుతుంది, వెన్న వేసి కాల్చే బెణ్ణె దోశ దొరకదు. దోశను మానేయమనడం లేదు. లెక్క సరిచేసుకుంటున్న ఈ రెండు వారాలు మాత్రం పక్కన పెట్టమంటున్నాను. సెలవురోజులను కూడా వదలకుండా రాయాలి. ఐదు రోజులు రోజుకు 350 చొప్పున మిగిల్చిన 1,750 కేలరీలు, శని ఆదివారాల్లో బిర్యానీతో, మిఠాయితో రోజుకు 875 ఎక్కువ తింటే పూర్తిగా తుడిచిపెట్టుకుపోతాయి.

రెండు వారాలు ఇలా తూచి రాసినా సగటు కదలకపోతే, అప్పుడు మాత్రమే రోజుకు 100 నుంచి 200 కేలరీలు తగ్గించాలి, లేదా అంతే ఖర్చు పెంచాలి. నా మటుకు నేను నడకనే ఎంచుకుంటాను. 72 కిలోల మనిషి నాలుగు కిలోమీటర్లు నడిస్తే, ఊరికే కూర్చున్నదానికంటే సుమారు 150 కేలరీలు అదనంగా ఖర్చవుతాయి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటలు గడిపేవారికి రోజు మొత్తం అడుగులే పడవు. బరువు వేగంగా తగ్గిన నెలలో సగటున ఎన్ని అడుగులు వేశారో, ఇప్పుడు ఎన్ని వేస్తున్నారో ఫోన్‌లో పోల్చి చూసుకోవాలి. సర్జాపుర రోడ్డు వైపువారికి కైకొండ్రహళ్లి చెరువు, మల్లేశ్వరం వైపువారికి శాంకీ చెరువు నడకకు అనుకూలం. వాచీ చూపించే ఖర్చును నమ్మి ఆ మేరకు తిరిగి తినకూడదు.

కండ కరగకుండా ఉండాలంటే వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం, కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ అవసరం. 72 కిలోలకు ఇది 86 నుంచి 115 గ్రాములు. పలుచని పప్పుచారుతో ఇది రాదు. ఒక గుడ్డుకు 6 గ్రాములు, 30 గ్రాముల సోయా చంక్స్‌కు సుమారు 15 గ్రాములు అన్న లెక్కతో ప్రతి పూటా ఏదో ఒకటి చేర్చుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

నెలల తరబడి తగ్గించి తిని అలసిపోయినవారు, ఆకలికి నిద్ర పట్టనివారు, రెండు వారాలు కొత్త అవసరానికి సరిపడా తిని విశ్రాంతి తీసుకోవడంలో తప్పులేదు. నీరు చేరి కిలో పెరిగినట్టు కనిపించినా భయపడనక్కరలేదు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా స్త్రీలు 1,200, పురుషులు 1,500 కేలరీలకంటే దిగువకు వెళ్లకూడదు. ఇన్సులిన్ గానీ, చక్కెరను తగ్గించే మాత్రలు గానీ వాడేవారు తిండి తగ్గించేముందు మోతాదు గురించి తప్పనిసరిగా వైద్యుణ్ని అడగాలి, లేకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. లెక్కంతా సరిగా ఉండి కూడా రెండు నెలలు బరువు కదలకపోయినా, అలసట, జుట్టు రాలడం, నెలసరి తప్పడం వంటివి ఉన్నా, థైరాయిడ్ పరీక్ష చేయించుకుని, స్టెరాయిడ్ల వంటి మందులేవైనా వాడుతుంటే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి.

బరువు తిరిగి కదిలినప్పుడు మొదటి నెలల వేగం ఉండదు. రోజుకు 300 కేలరీల లోటుతో నెలకు కిలో, కిలోకు కాస్త పైన తగ్గడమే సరైన వేగం. ఆ తర్వాత ప్రతి నాలుగైదు కిలోలకు ఒకసారి సూత్రంలో కొత్త బరువు వేసి, కేలరీల హద్దును మళ్లీ నిర్ణయించుకోవాలి.