ఫ్రిస్కోలో ఇల్లు, షెర్మన్‌లో కేసు: అమెరికా ఫెడరల్ కోర్టులో క్రిమినల్ కేసు పడితే ఎలా అర్థం చేసుకోవాలి?

ఇర్వింగ్‌లో ఉండే అన్నా, ఫ్రిస్కోలో ఉండే తమ్ముడూ ఊళ్లో అడిగితే ఇద్దరూ డల్లాస్ అనే చెబుతారు. అమ్మకి అంతకు మించిన వివరం అక్కర్లేదు. ఫెడరల్ కోర్టుకి కావాలి. ఇర్వింగ్ ఉన్న డల్లాస్ కౌంటీ నార్తర్న్ డిస్ట్రిక్ట్ ఆఫ్ టెక్సస్ అనే ఫెడరల్ కోర్టు పరిధిది. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీలు ఈస్టర్న్ డిస్ట్రిక్ట్‌వి, అందులోనూ షెర్మన్ డివిజన్‌వి. జడ్జిలు వేరు, ప్రాసిక్యూటర్ల ఆఫీసు వేరు, స్థానిక నిబంధనలు వేరు. షెర్మన్ అంటే డల్లాస్‌కి ఉత్తరంగా గంట పైచిలుకు ప్రయాణం. కొన్ని విచారణలు ప్లేనోలోని కోర్టులోనూ జరుగుతాయి.

దేశం మొత్తానికి ఇలాంటి డిస్ట్రిక్టులు 94. టెక్సస్‌కే నాలుగు. ట్రాఫిక్ టికెట్టు, ఇంటి గొడవ, తాగి కారు నడపడం లాంటివి మామూలుగా రాష్ట్ర కోర్టుల్లో తేలిపోతాయి. వీసా పత్రాల్లో మోసం, ఇన్సూరెన్సు బిల్లింగు, పన్ను ఎగవేత, ఈమెయిల్ మీదా బ్యాంకు బదిలీల మీదా నడిచిన మోసం అయితే ఫెడరల్ గడప తొక్కాల్సి రావచ్చు. ఈ వ్యాసం లాయరుకు బదులు కాదు. లాయరు చెప్పేది బుర్రకెక్కడానికి మాత్రమే.

1. తలుపు తట్టిన రోజు నోరు కట్టేసుకోండి

క్రమంలో ఇది మొదటిది, ప్రాధాన్యంలోనూ మొదటిదే. ఎఫ్‌బీఐ వాళ్లో, హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లో పొద్దున్నే వస్తారు. మర్యాదగా మాట్లాడతారు. ఇంటికొచ్చినవాళ్లని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ‘అదేం లేదండీ’ అని సర్దిచెప్పడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇక్కడ కొంప ముంచేది అదే. ఫెడరల్ అధికారికి ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెబితే, ప్రమాణం చేయకపోయినా సరే, అది ఐదేళ్ల దాకా జైలు పడే వేరే నేరం. అసలు కేసు నిలబడకపోయినా ఆ అబద్ధం మీద కేసు నిలబడొచ్చు. ‘నా లాయరుతో మాట్లాడాకే చెబుతాను’ అనే ఒక్క మాట చాలు. సెర్చ్ వారంట్ ఉంటే అడ్డుపడకండి, వెతుక్కోనివ్వండి. వెతుకుతున్నారు కదా అని ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పని లేదు.

వాళ్లు వెళ్లిపోగానే చెయ్యి వాట్సాప్ మీదికి వెళుతుంది. ఒక్క మెసేజ్ కూడా తీసేయకండి. దర్యాప్తును అడ్డుకోవాలని రికార్డులు చెరిపేస్తే ఆ చట్టంలో గరిష్ఠ శిక్ష 20 ఏళ్లు.

2. ఏ కోర్టో, ఏ కేసో తేల్చుకోండి

మీ చిరునామాను బట్టి కోర్టు ఖరారు కాదు. నేరం జరిగిందని ప్రభుత్వం అంటున్న చోటును బట్టి ఖరారవుతుంది. ఫ్రిస్కోలో ఉంటూ నడిపిన కంపెనీ మీద న్యూజెర్సీలోనూ అభియోగం రావచ్చు. అలాంటప్పుడు అరెస్టయిన చోటే తొలి హాజరు జరిపి, తర్వాత అక్కడికి పంపుతారు.

కేసు నంబరు చూడండి. ‘4:25-సీఆర్’ అని మొదలైతే ఈస్టర్న్ డిస్ట్రిక్ట్‌లో 4 అంటే షెర్మన్ డివిజన్, 25 అంటే 2025లో నమోదైంది, సీఆర్ అంటే క్రిమినల్. సీఆర్ ఉండాల్సిన చోట ‘ఎంజే’ ఉంటే వ్యవహారం ఇంకా మేజిస్ట్రేట్ దశలోనే ఉందని. ఆ నంబరు పట్టుకుని పేసర్ అనే కోర్టు వెబ్‌సైట్‌లో ఎవరైనా కాగితాలు చదువుకోవచ్చు. పేజీకి 10 సెంట్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అదీ ఉండదు. సంఘాల గ్రూపుల్లో తిరిగే కథలకన్నా ఆ పేజీలు నయం.

ఇమిగ్రేషన్ కోర్టుతో దీన్ని కలపకండి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడినప్పుడు ఎన్నో తెలుగు ఇళ్లలో ఇదే అయోమయం. అది వల పన్నడానికి పెట్టిన నకిలీ యూనివర్సిటీ, నడిపింది ఇమిగ్రేషన్ అధికారులే. విద్యార్థులను చేర్పించారన్న ఎనిమిది మంది మీద డెట్రాయిట్‌లోని ఫెడరల్ కోర్టులో క్రిమినల్ కేసు పడింది. విద్యార్థులను మాత్రం ఇమిగ్రేషన్ ఉల్లంఘన కింద పట్టుకున్నారు. తేడా చిన్నది కాదు: క్రిమినల్ కేసులో స్తోమత లేనివారికి ప్రభుత్వ ఖర్చుతో లాయరు వస్తారు, ఇమిగ్రేషన్ కోర్టులో అలాంటి హక్కు లేదు.

3. తొలి హాజరు, బెయిలు

అరెస్టయ్యాక అనవసర జాప్యం లేకుండా మేజిస్ట్రేట్ జడ్జి ముందుకు తీసుకెళ్లాలి. ఆరోపణ ఏమిటో, హక్కులేమిటో అక్కడ చెబుతారు. నేరం చేశారా లేదా అన్న చర్చ ఆ రోజు ఉండదు. మన దగ్గరిలా ముందస్తు బెయిలు అనే దారి ఫెడరల్ కోర్టులో లేదు. జామీను పత్రాలు పట్టుకుని పరిగెత్తడం కూడా మామూలుగా ఉండదు. జడ్జి చూసేవి ప్రధానంగా రెండే: పారిపోతాడా, బయట ఉంటే ఎవరికైనా ప్రమాదమా. జైల్లోనే ఉంచమని ప్రభుత్వం అడిగితే దాని మీద విచారణ జరుగుతుంది. దానికి ప్రభుత్వం మూడు రోజుల వరకు, మీ లాయరు ఐదు రోజుల వరకు గడువు అడగొచ్చు.

హైదరాబాద్‌లో అమ్మానాన్నలు, చేతిలో ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాడు పారిపోతాడని వాదించడం ప్రాసిక్యూటరుకు తేలిక. అందుకే ఆ రెండు మూడు రోజుల్లో కుటుంబం చేయాల్సిన పని చాలా ఉంది. ఇంటి కాగితాలు, పిల్లల బడి వివరాలు, ఉద్యోగం ఉంటే దానికి రుజువు లాయరుకు అందించండి. పాస్‌పోర్టు అప్పగించడానికి సిద్ధమని చెప్పించండి. పూచీ తీసుకునే బంధువునో స్నేహితుణ్నో వెతకండి. కోర్టు హాలుకు వెళ్లి కూర్చోండి, ఎవరైనా వెళ్లొచ్చు. పరువు పోతుందని ఇంట్లో ఉండిపోతే జడ్జికి కనిపించేవి ఖాళీ బెంచీలే.

ప్రీట్రయల్ సర్వీసెస్ అనే విభాగం అధికారి వచ్చి కుటుంబం, ఉద్యోగం, ఆరోగ్యం, డబ్బు గురించి అడుగుతారు. అవి చెప్పే ముందు లాయరును అడగండి. కేసు ఊసు మాత్రం ఎత్తొద్దు. జైలు నుంచి చేసే ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడాం కదా అన్న ధీమా వద్దు, అనువాదకులు దొరుకుతారు.

భారత పౌరులైతే కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు ఉంది. టెక్సస్‌కు అది హ్యూస్టన్‌లో ఉంది. ఇంగ్లిష్‌లో విచారణ అందుకోవడం కష్టమైతే తెలుగు దుబాసీని అడగండి, ఖర్చు మీది కాదు. ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు కూడా దీనికి మొహమాటపడకూడదు. స్టాండప్ మీటింగులో మాట్లాడే ఇంగ్లిష్ వేరు, ఇది వేరు.

4. లాయరు

ఇంటి రిజిస్ట్రేషన్ చేయించిన లాయరు, గ్రీన్ కార్డు చూసే లాయరు ఈ పనికి సరిపోరు. ‘ఈ డిస్ట్రిక్టులో ఫెడరల్ క్రిమినల్ కేసులు ఎన్ని చూశారు, వాటిలో ట్రయల్ దాకా వెళ్లినవెన్ని’ అని సూటిగా అడగండి. స్తోమత లేకపోతే ఆర్థిక వివరాలు ప్రమాణపూర్వకంగా ఇస్తే కోర్టు లాయరును నియమిస్తుంది. ప్రభుత్వ లాయరు కదా అని చులకన చేయడం మనలో చాలామంది చేసే తప్పు. ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్లకు రోజూ ఉండేది అదే కోర్టు, అవే కేసులు. ఫీజు ఎక్కువ, అనుభవం తక్కువ ఉన్న ప్రైవేటు లాయరుకన్నా వాళ్లే మేలని నా అభిప్రాయం.

5. గ్రాండ్ జ్యూరీ నుంచి ట్రయల్ దాకా

మన ఛార్జిషీటు పోలీసులు వేస్తారు. ఇక్కడ తీవ్రమైన నేరమైతే 16 నుంచి 23 మంది పౌరులుండే గ్రాండ్ జ్యూరీ అభియోగాన్ని ఆమోదించాలి. కనీసం 12 మంది ఒప్పుకోవాలి. లోపల జడ్జి ఉండరు, మీ లాయరూ ఉండరు. అరెస్టయిన 30 రోజుల్లో ఇది రావాలి, ఆ తర్వాత 70 రోజుల్లో ట్రయల్ మొదలవ్వాలి. ఆ 70 రోజులను నమ్ముకుని విమానం టికెట్లు కొనకండి. లెక్కలోకి రాని రోజులు చాలా ఉంటాయి, మీ లాయరే వాయిదా అడగొచ్చు. అభియోగం చదివే రోజున సాధారణంగా ‘నేరం చేయలేదు’ అనే చెబుతారు. దాన్ని తర్వాత మార్చుకోవచ్చు.

6. ఒప్పుకోలు, శిక్ష

ఫెడరల్ కోర్టుల్లో శిక్ష పడినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ట్రయల్ లేకుండా నేరం ఒప్పుకున్నవాళ్లే. ఆ ఒప్పందం కాగితాన్ని పౌరసత్వం లేనివారు ఒక్కో అంకె పట్టి చదవాలి. మోసం కేసులో బాధితుల నష్టం 10,000 డాలర్లు దాటిందంటే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని ‘అగ్రవేటెడ్ ఫెలనీ’గా, అంటే తీవ్రమైన నేరంగా లెక్కిస్తుంది. గ్రీన్ కార్డున్నా దేశం విడిచి వెళ్లాల్సిన పరిస్థితి రావచ్చు. ఒప్పుకోలు వల్ల బహిష్కరణ ముప్పు ఉంటే లాయరు ముందే చెప్పాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చెప్పకపోతే మీరే అడగండి, ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడించండి.

శిక్ష అదే రోజు పడదు. ప్రొబేషన్ అధికారి ఒక నివేదిక రాస్తారు. మామూలుగా శిక్ష తేదీకి 35 రోజుల ముందు అది మీకు అందుతుంది, తప్పులుంటే 14 రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. నేరం స్థాయి, పాత నేరచరిత్ర కలిపి ఎన్ని నెలలో చూపే పట్టిక ఒకటుంది. 2005 నుంచి జడ్జి దానికి కట్టుబడాల్సిన అవసరం లేదు, లెక్కలోకి మాత్రం తీసుకోవాలి. 1987 నవంబరు తర్వాతి నేరాలకు పెరోలు లేదు. సత్ప్రవర్తనకు ఏడాదికి 54 రోజుల వరకు తగ్గుతాయి.

అప్పీలు చేయాలంటే తీర్పు నమోదైన 14 రోజుల్లో నోటీసు వేయాలి. షెర్మన్ కేసు న్యూ ఆర్లియన్స్‌లోని ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు వెళుతుంది. కాకపోతే చాలా ఒప్పందాల్లో అప్పీలు హక్కు వదులుకుంటున్నట్టు ఒక పేరా ఉంటుంది. సంతకం పెట్టే ముందే ఆ పేరా ఎక్కడుందో చూపించమని లాయరును అడగండి.