సైకస్ పెంపకం – 3వ పాఠం: కుళ్లిన పిలకలు, లేత చిగుళ్లు

ఈసారి సైకస్‌కు, అంటే ఈతచెట్టులా కనబడే ఈ అలంకరణ మొక్కకు, వేసే ఎరువుల గురించి రాద్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చూసి పిలకలు తీసి నాటినవాళ్లలో చాలామంది "మెత్తబడింది, కంపు కొడుతోంది" అంటున్నారు. ఎరువులు తర్వాత చూద్దాం.

కొంత తప్పు నాదే. కోసిన చోటు ఆరాలన్నాను గానీ ఎన్నాళ్లో చెప్పలేదు. నీడలో వారం, పది రోజులు. గాయం చెక్కలా గట్టిగా తగలాలి.

మిగతా తప్పు మీ చెంబుది. ఆకులు కోసేసిన, వేళ్లింకా రాని పిలక అది. నీళ్లు పీల్చేదేది? ఆవిరి చేసేదేది? పోసినదంతా దుంప చుట్టూ నిలిచి కుళ్లబెడుతుంది. "రోజూ కొంచెమే పోస్తున్నానండీ" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజూ కొంచెమే అసలు జబ్బు! పొద్దున్నే చెంబుడు నీళ్లు తులసమ్మకు పోయండి, దీనికి కాదు. నాటిన రోజు కుండీ అడుగు నుంచి కారేదాకా తడపండి. మళ్లీ రెండంగుళాల లోతున వేలికి పొడిగా తగిలితేనే నీళ్లు. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) నాకు నచ్చదు, తడి వదలదు. సగం ముతక ఇసుక, సగం ఎర్రమట్టి చాలు.

మెత్తబడిన పిలకను తీసి బొటనవేలితో నొక్కండి. కుళ్లు ఒక పక్కే ఉంటే గట్టి తెల్లకండ కనబడేదాకా చెక్కి మళ్లీ ఆరబెట్టండి. అంతా గుల్లయితే కుక్కలు, పిల్లలు ముట్టని చోట పారేయండి. సైకస్ మొత్తం విషమే, గింజలు మరీను.

శేషాచలం కొండల్లోని పేరిత పిలక తేవచ్చా అని ఒకరు అడిగారు. వద్దు. అది అంతరించిపోతున్న మన అడవి సైకస్. నర్సరీలో దొరికేది జపాన్ దక్షిణ దీవుల రకం, అది కొనుక్కోండి.

ఇక పెద్ద మొక్కలు. చిగుళ్లన్నీ ఒక్కసారే లేస్తాయి, కొసలు చుట్టలు చుట్టుకొని. అవి గట్టిపడేదాకా కుండీ తిప్పకండి. నీడలో పెడితే ఆకులు సాగిపోతాయి. చిన్న నీలి సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది ఈ లేత ఆకుల మీదే. ఆ గుడ్లలోంచి వచ్చే పురుగు చాలాసార్లు ఆకు రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు. చీమలు తిరుగుతున్నాయా చూడండి. పురుగు వదిలే తీపి కోసం అవి చేరతాయి. నేనైతే మందు జోలికి పోను, పాత దోమతెర కప్పేస్తాను. ఆకు ముదిరాక పురుగు దాన్ని ముట్టదు.

అభ్యాసం: నెల రోజులు రోజూ కుండీ ఎత్తి, బరువు చూసి, నీళ్లు కావాలో వద్దో ముందు కాగితం మీద రాయండి. తర్వాతే వేలు పెట్టి సరిచూసుకోండి. వరుసగా పది రోజులు తప్పు పోనివాళ్లే ఎరువుల పాఠానికి రండి.